కార్బన్ క్రెడిట్లు: దేశాల లక్ష్యాలు – వరి మడి లెక్కలు

బ్యాంకాక్ నగరంలో విద్యుత్ బస్సులు నడపడం వల్ల తగ్గిన 1,916 టన్నుల ఉద్గారాలను థాయిలాండ్ స్విట్జర్లాండుకు బదిలీ చేసినట్లు 2024 ఆరంభంలో వెల్లడైంది. ప్యారిస్ ఒప్పందంలోని 6వ అధికరణం కింద, ఒక దేశపు లక్ష్యసాధనకు ఉపకరించేలా జరిగిన మొదటి బదిలీగా దీనిని పేర్కొంటారు. పరిమాణంలో ఇది స్వల్పమే. అయితే ఇదే మార్గంలో వరి పొలాల నుంచి వచ్చే క్రెడిట్లకు కూడా దేశాల మధ్య అనుమతులు లభిస్తున్నాయి. అందువలన ఈ విధానం వ్యవసాయ విస్తరణ శాస్త్రవేత్తలకు సైతం తెలియవలసిన అంశమైంది.

క్యోటో నుంచి ప్యారిస్ వరకు

ఒక టన్ను కార్బన్ డయాక్సైడుకు లేదా దానికి సమానమైన ఇతర హరితగృహ వాయువులకు ఒక క్రెడిట్ లభిస్తుంది. 1997 నాటి క్యోటో ప్రోటోకాల్ పారిశ్రామిక దేశాలకు మాత్రమే ఉద్గార లక్ష్యాలు విధించింది. ఆ దేశాలు స్వచ్ఛ అభివృద్ధి యంత్రాంగం ద్వారా వర్ధమాన దేశాల ప్రాజెక్టుల క్రెడిట్లను కొని, తమ లక్ష్యాలలో కొంత భాగాన్ని పూర్తిచేసుకునేవి. అమ్మే దేశానికి లక్ష్యం లేనందున దాని ఖాతాకు లోటు కలిగేది కాదు.

2015 నాటి ప్యారిస్ ఒప్పందంతో పరిస్థితి మారింది. ఇప్పుడు ప్రతి సభ్యదేశం తన లక్ష్యాన్ని తానే ప్రకటించాలి. ఒకే తగ్గింపును అమ్మిన దేశమూ, కొన్న దేశమూ లెక్కలో చూపుకుంటే వాతావరణానికి ఒరిగేది శూన్యం. దీనిని నివారించడానికి ‘అనురూప సర్దుబాటు’ అనే నియమం ఏర్పడింది. ఉదాహరణకు, ఒక దేశం తన ఉద్గారాలను 100 లక్షల టన్నుల నుంచి 95 లక్షలకు తగ్గించి, అందులో 3 లక్షల టన్నులను అమ్మిందనుకుందాం. లక్ష్యసాధన లెక్కలో దాని ఉద్గారాలు 98 లక్షల టన్నులుగా నమోదవుతాయి. కొన్న దేశం తన లెక్కలో 3 లక్షల టన్నులు తగ్గించుకుంటుంది. అనగా, అమ్మిన తగ్గింపు అమ్మిన దేశానికి ఇక చెందదు. సులభంగా, చౌకగా సాధ్యమయ్యే తగ్గింపులన్నిటినీ అమ్మివేసిన దేశానికి, సొంత లక్ష్యం కోసం ఖరీదైన మార్గాలే మిగులుతాయి.

ఈ నియమాలకు 2021లో గ్లాస్గో సదస్సు రూపమివ్వగా, 2024లో బాకూ సదస్సు మిగిలిన అంశాలను పూర్తిచేసింది. ఐక్యరాజ్యసమితి పర్యవేక్షించే యంత్రాంగం కింద జారీ అయ్యే క్రెడిట్లలో 5 శాతం అనుసరణ నిధికి చేరుతుంది. మరో 2 శాతం ఎవరి లెక్కలోనూ చేరకుండా రద్దవుతుంది.

వరి మడిలో ఎంత?

ఘనాలో వరిని తడి–పొడి పద్ధతిలో సాగుచేసే ప్రాజెక్టుకు 2022 నవంబరులో ఘనా, స్విట్జర్లాండ్ అనుమతినిచ్చాయి. నిరంతరం నీరు నిలిచిన మడిలో ప్రాణవాయువు అందక, మీథేన్‌ను ఉత్పత్తి చేసే సూక్ష్మజీవులు వృద్ధి చెందుతాయి. మడిలో రంధ్రాలున్న గొట్టాన్ని పాతి, నీటిమట్టం నేల ఉపరితలం కంటే 15 సెం.మీ. దిగువకు చేరినప్పుడు తిరిగి నీరు పెడితే మీథేన్ తగ్గుతుంది. పూత దశలో మాత్రం పలుచగా నీరు నిలపాలి.

వాతావరణ మార్పుపై అంతర్‌ప్రభుత్వ మండలి 2019లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం, నిరంతరం నీరు నిలిపిన మడి దక్షిణాసియాలో హెక్టారుకు రోజుకు 0.85 కిలోల మీథేన్ విడుదల చేస్తుంది. 112 రోజుల సాగుకాలానికి ఇది సుమారు 95 కిలోలు. మీథేన్ తాపన శక్తిని కార్బన్ డయాక్సైడుకు 28 రెట్లుగా తీసుకుంటే, ఇది 2.67 టన్నులకు సమానం. పలుమార్లు ఆరబెడితే ఉద్గారం 45 శాతం తగ్గుతుంది, ఆదా 1.2 టన్నులు. అయితే మడి ఆరినప్పుడు నత్రజని ఎరువుల నుంచి నైట్రస్ ఆక్సైడ్ పెరుగుతుంది. హెక్టారుకు 120 కిలోల నత్రజని వేసిన పొలంలో దీనివల్ల సుమారు 0.1 టన్ను తీసివేయాలి. మిగిలేది 1.1 టన్నులు, ఎకరాకు అర టన్నుకు లోపే. రెండెకరాల రైతుకు ఒక పంటకాలంలో ఒక క్రెడిట్ కూడా నిండదు. సేంద్రియ పదార్థం, నేల స్వభావాన్ని బట్టి ఈ అంకెలు మారుతాయి.

కనుక వేలాది రైతులను ఒక ప్రాజెక్టు కింద చేర్చక తప్పదు. కొలత, తనిఖీ, నమోదు ఖర్చులు పోగా మిగిలినదే రైతు వాటా.

అదనపుతనమే గీటురాయి

క్రెడిట్ లేకున్నా జరిగే తగ్గింపునకు క్రెడిట్ ఇవ్వరాదు. బోరు నీరు చాలక మడి తనంతట తానే ఆరిపోయే చోట కొత్తగా తగ్గేదేమీ లేదు. కాలువ చివరి భూములలో వంతు తప్పితే నీరు మళ్లీ ఎప్పుడు వస్తుందో తెలియదు. అటువంటి రైతును మడి ఆరబెట్టమనడం దిగుబడిని పణంగా పెట్టమనడమే. నీటిపై రైతుకు అదుపున్న చోటనే ఈ పద్ధతి నిలుస్తుంది. లెక్కలు సరిగా లేకుంటే ఏమవుతుందో చైనా అనుభవం చెబుతుంది. అక్కడి 37 వరి ప్రాజెక్టులను 2024లో ధ్రువీకరణ సంస్థ వెర్రా తిరస్కరించింది.

భారతదేశం – విస్తరణ కర్తవ్యం

2030 నాటికి ఉద్గార తీవ్రతను 2005 స్థాయి కంటే 45 శాతం తగ్గించాలన్న లక్ష్యాన్ని భారతదేశం 2022లో ప్రకటించింది. దేశాల మధ్య బదిలీకి అర్హమైన 13 కార్యకలాపాల జాబితాను 2023 ఫిబ్రవరిలో వెల్లడించింది. హరిత హైడ్రోజన్, సంపీడిత జీవవాయువు వంటివి అందులో ఉన్నాయి; వరి సాగు లేదు. వ్యవసాయ రంగంలో స్వచ్ఛంద కార్బన్ విపణికి కేంద్ర వ్యవసాయ శాఖ 2024 జనవరిలో ఒక చట్రాన్ని విడుదల చేసింది. స్వచ్ఛంద విపణిలో సంస్థలు కొనే క్రెడిట్లకు ప్రభుత్వం బదిలీ అనుమతి ఇవ్వనంతవరకు ఆ తగ్గింపు దేశపు లెక్కలోనే ఉంటుంది.

ఒప్పంద పత్రంతో గ్రామానికి వచ్చే సంస్థను రైతు తరఫున ప్రశ్నించగల స్థితిలో ఉన్నది విస్తరణ సిబ్బందే. క్రెడిట్ ఎవరి పేరున నమోదవుతుంది, రైతు వాటా ఎంత, సొమ్ము ఎప్పుడు అందుతుంది, ఒప్పందం ఎన్నేళ్లు, కౌలుదారు సాగుచేస్తే చెల్లింపు ఎవరికి, దిగుబడి తగ్గితే నష్టం ఎవరిది అన్న ప్రశ్నలకు లిఖితపూర్వక సమాధానాలు రాబట్టాలి. నాట్ల తేదీలు, నీరు పెట్టిన తేదీలు, ఎరువుల మోతాదులు నమోదు చేసే అలవాటును రైతులకు నేర్పాలి. కార్బన్ సొమ్ము అందినా అందకున్నా, నీటి ఆదా రైతుకు మిగులుతుంది. ఈ పద్ధతిని ముందుగా ఆ ప్రయోజనంతోనే పరిచయం చేయడం ఉచితం.