కరెంటొచ్చింది... పంపు తిరగదేం?

అర్ధరాత్రి కరెంటు పోయింది. గంట తర్వాత వచ్చింది. ఫ్యాన్లు తిరిగాయి, ఫ్రిజ్ గుర్రుమంది. హాల్లో చేపల తొట్టి మాత్రం కిక్కురుమనలేదు. తెల్లారి చూస్తే గోల్డ్‌ఫిష్‌లన్నీ పైకొచ్చి నోళ్లు తెరుచుకుని గుటకలు వేస్తున్నాయి. 'మోటారు కాలిపోయినట్టుంది' అని ఇంటాయన తేల్చేశాడు. పాత పంపు చెత్తబుట్టలోకి... ఆయన కొత్తదానికోసం బజారుకి!

అక్వేరియం ఉన్న ఇళ్లలో మామూలుగా జరిగే తంతే ఇది. కానీ అలా ఆగిన పంపు చాలాసార్లు కాలిపోయి ఉండదు. ఇరుక్కుపోయి ఉంటుందంతే.

ముందు చేపల సంగతి చూడాలి. పైనీరు కదులుతుంటేనే గాల్లోని ఆక్సిజన్ అందులో బాగా కలుస్తుంది. 20 డిగ్రీల వేడి దగ్గర లీటరు మంచినీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. అదే 30 డిగ్రీలైతే ఏడున్నరే. అంటే మన ఎండాకాలంలో పంపు ఆగితే వ్యవధి ఇంకా తక్కువన్నమాట. కాబట్టి మరమ్మతు అయ్యేదాకా తొట్టిలో నీళ్లే మగ్గుతో తీసి, జానెడు ఎత్తు నుంచి మళ్లీ అందులోకే పోస్తుండాలి. పిల్లలుంటే ఈ పని అడిగి మరీ చేస్తారు! గౌరామి, ఫైటర్ చేపలు నేరుగా గాలి పీల్చుకోగలవు కాబట్టి వాటికి ఈ ఇబ్బంది తక్కువ.

ఇక పంపు. నీళ్లలో ముంచి ఉంచే ఈ పంపులో రాగితీగ చుట్టను రెజిన్ పోసి పూర్తిగా మూసేస్తారు. పక్కనే ఓ గుంటలో చిన్న అయస్కాంతం, దాని కొసన రెక్కలు ఉంటాయి. అదే ఇంపెల్లర్. చుట్టకీ దీనికీ మధ్య తీగా ఉండదు, గేరూ ఉండదు. చుట్టలో కరెంటు పారితే పుట్టే అయస్కాంత క్షేత్రమే దాన్ని తిప్పుతుంది. తిరుగుతున్నంతసేపూ కాస్త నాచు, మట్టి ఉన్నా లెక్కచేయదు. ఒకసారి ఆగిందా... మళ్లీ కదలడానికి ఆ మురికే అడ్డం. నిన్నటిదాకా బాగున్న పంపు కరెంటు పోయి రాగానే మొండికేసేది అందుకే.

చెవి దగ్గర పెట్టి వినండి. సన్నగా 'ఝుమ్' మంటోందంటే చుట్ట బాగానే ఉంది, ఇంపెల్లర్ ఇరుక్కుంది. టకటకమంటే రెక్కో ఇరుసో అరిగి ఉండొచ్చు. తిరుగుతున్నా నీళ్లు రావడం లేదా? లోపల గాలి పట్టేసి ఉంటుంది. ప్లగ్గు తీసి, పంపును నీళ్లలోనే అటూఇటూ వంచితే బుడగలు బయటికొస్తాయి. అసలు చప్పుడే లేకపోతే ముందు అదే సాకెట్లో సెల్‌ఫోన్ ఛార్జర్ పెట్టి చూడండి. సాకెట్ తప్పుకి పంపుని తిట్టుకునేవాళ్లూ ఉంటారు మరి!

శుభ్రం చేయడం పదినిమిషాల పని. ప్లగ్గు పీకకుండా మాత్రం తొట్టిలో చెయ్యి పెట్టకూడదు, స్విచ్ ఆపితే సరిపోదు. ముందు మూత ఊడదీసి ఇంపెల్లర్ని తిన్నగా పైకి లాగాలి. చాలా పంపుల్లో ఇరుసు పింగాణీది. వంచితే పుటుక్కుమంటుంది. దాని చివర్లలో ఉండే రబ్బరు ముక్కలు సింకులో పడి కొట్టుకుపోకుండా చూసుకోవాలి. ఇంపెల్లర్ని పాత టూత్‌బ్రష్‌తో, గుంటని చెవిలో పెట్టుకునే దూదిపుల్లతో తుడిస్తే సరి. బోరునీళ్లు వాడే ఇళ్లలో తెల్లగా గట్టిపడిన సున్నం బ్రష్‌కి లొంగదు. అరగంట వెనిగర్‌లో నానబెట్టి బాగా కడిగేయాలి. సబ్బు జోలికి వెళ్లొద్దు. ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద కడగడమూ పొరపాటే. చేపల వ్యర్థాల్లోని అమ్మోనియాని మార్చేసే బ్యాక్టీరియా అందులోనే ఉంటుంది, కుళాయి నీటిలోని క్లోరిన్ దాన్ని చంపేస్తుంది. తొట్టినీటినే బకెట్లోకి తీసుకుని పిండితే చాలు.

ఇంత చేసినా తిరగకపోతే? కొన్ని రకాలకి ఇంపెల్లర్ విడిగా దొరుకుతుంది, దుకాణంలో అడగాలి. చుట్టే పోతే కొత్త పంపు తప్పదు. వైరు తొడుగు పగిలినా అంతే. టేపు చుట్టి నీళ్లలో దించే సాహసం వద్దే వద్దు.

బాగైన పంపుని ముందు బకెట్ నీళ్లలో నడిపి చూసి, తర్వాత తొట్టిలో పెట్టాలి. వైరుని సాకెట్ కన్నా కిందికి ఉయ్యాలలా వేలాడనిచ్చి, ఆపైన ప్లగ్గు పెట్టాలి. వైరు వెంట చుక్క జారినా నేలమీదే పడుతుంది, సాకెట్లోకి పోదు.