ఈసుకుపోయిన పశువుకు రక్తపరీక్ష చేయించారా?

బాగా మేస్తూ నిండుగా ఉన్న చూడి గేదె ఏడో నెలలోనో ఎనిమిదో నెలలోనో ఉన్నట్టుండి ఈసుకుపోతుంది. దిష్టి తగిలిందనో, పక్కదాంతో కుమ్ములాడిందనో మనం సరిపెట్టుకుంటాం. మాయ పడదు, పాలు ఉండవు, మళ్లీ చూడి కట్టదు. మరుసటి ఏడు పక్క గుంజకు కట్టిన పశువూ ఈసుకుపోతే అప్పుడు గానీ అనుమానం రాదు. అది బ్రూసెల్లోసిస్, అంటే ఈసుడు రోగం కావచ్చు.

జహీరాబాద్ ప్రాంత రైతులు ఈ సంగతి మరింత పట్టించుకోవాలి. బీదర్ సరిహద్దు మనకు దగ్గర. దేవని పశువులు, పాడి గేదెలు, దక్కని గొర్రెలు ఉన్న ప్రాంతం మనది. అంగట్లో పశువును కొనేటప్పుడు పళ్లు చూస్తాం, పొదుగు చూస్తాం, సుడులు చూస్తాం. రక్తంలో ఏముందో మాత్రం చూడం.

కంటికి కనబడదు

ఈ రోగానికి కారణం బ్రూసెల్లా అనే బ్యాక్టీరియా. ఒకసారి సోకితే చాలా పశువుల్లో జీవితాంతం ఉండిపోతుంది. ఈసుకుపోయిన పిండంలో, మాయలో, మురికి స్రావాల్లో ఈ క్రిములు లెక్కలేనన్ని ఉంటాయి. పాలల్లోనూ వస్తాయి. ఆ స్రావాలు పడ్డ మేత, నీళ్ల ద్వారా మిగతా పశువులకు అంటుకుంటుంది. ఒకసారి ఈసుకుపోయిన పశువు తర్వాతి ఈతలో మామూలుగానే ఈనవచ్చు. అంతమాత్రాన రోగం పోయిందనుకోవద్దు.

పరీక్ష ఎలా చేస్తారు?

ఏదైనా క్రిమి ఒంట్లో చొరబడితే దాన్ని ఎదుర్కోవడానికి రక్తంలో ప్రతిరక్షకాలు తయారవుతాయి. పశువైద్యులు మెడ నరం నుంచి కొద్దిగా రక్తం తీసి, గడ్డకట్టాక పైకి తేలిన తేటను వేరుచేస్తారు. ఒక చుక్క తేటలో ఒక చుక్క గులాబీ రంగు మందు కలిపి, 4 నిమిషాలు ఆడిస్తారు. రవ్వరవ్వగా గడ్డకడితే క్రిమి సోకిందని అనుమానం. దీన్ని రోజ్ బెంగాల్ పరీక్ష అంటారు. అనుమానం ఉన్నవాటిని ఎలీసా పరీక్షతో ఖాయం చేసుకుంటారు. ఆవు పాలకైతే రింగు పరీక్ష ఉంది. మీగడ పొరలో రంగు వలయం ఏర్పడితే ఆ మందలో రోగం ఉందని అనుమానించాలి.

ఒక్క మాట గుర్తుంచుకోండి. ఈసుకుపోయిన వెంటనే చేసిన పరీక్షలో రోగం బయటపడకపోవచ్చు. మూడు నాలుగు వారాల తర్వాత మళ్లీ చేయించాలి. టీకా వేసిన పశువైతే ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. టీకా వల్ల కూడా ప్రతిరక్షకాలు కనబడతాయి.

సముద్రంలోనూ ఇదే రోగం

1887లో మాల్టా దీవిలో డేవిడ్ బ్రూస్ అనే సైనిక వైద్యుడు జ్వరంతో చనిపోయిన సైనికుల్లో ఈ క్రిమిని కనుగొన్నాడు. అది ఎక్కడి నుంచి వస్తోందో 1905 దాకా తెలియలేదు. పైకి ఆరోగ్యంగా ఉన్న మేకల రక్తం పరీక్షించి, వాటి పాల ద్వారానే వస్తోందని థెమిస్టోక్లిస్ జామిట్ తేల్చాడు. 1994లో డాల్ఫిన్లలో, సీల్ జంతువుల్లో కూడా ఈ జాతి క్రిములు ఉన్నట్టు వెల్లడైంది. ఇప్పుడు శాస్త్రవేత్తలు ఒడ్డుకు కొట్టుకొచ్చిన డాల్ఫిన్ల రక్తమూ ఇదే పద్ధతిలో పరీక్షిస్తున్నారు. అంటార్కిటికా మంచులో బతికే సీల్ జంతువుల రక్తంలోనూ ప్రతిరక్షకాలు కనిపించాయి. సముద్రంలో తిరిగే జీవాలకే పరీక్ష చేస్తుంటే, మన కొట్టంలో ఉన్న గేదెకు చేయించకపోవడం ఏం న్యాయం?

మనుషులకూ సోకుతుంది

పచ్చిపాలు తాగినా, ఈసుకుపోయిన పశువు మాయను ఒట్టి చేతులతో లాగినా ఈ రోగం మనకు అంటుకుంటుంది. వచ్చిపోయే జ్వరం, రాత్రిళ్లు చెమటలు, నడుము నొప్పి, కీళ్ల నొప్పులు దీని లక్షణాలు. మలేరియా అనో, టైఫాయిడ్ అనో పొరబడే ప్రమాదం ఉంది. ఇలాంటి జ్వరం వదలకపోతే, ఇంట్లో పశువులు ఉన్నాయని డాక్టరుకు తప్పక చెప్పండి. మనుషులకు మందులు ఉన్నాయి. కాకపోతే కనీసం ఆరు వారాలు మానకుండా వాడాలి. పశువులకు మాత్రం పనికొచ్చే చికిత్స లేదు.

రైతులు చేయాల్సినవి

* పశువు ఈసుకుపోతే వెంటనే వేరుగా కట్టి, పశువైద్యశాలకు కబురు చేయాలి.
* పిండాన్ని, మాయను కుక్కలకు వేయకూడదు. చేతులకు తొడుగులు వేసుకుని, లోతుగా గుంత తీసి, సున్నం చల్లి పూడ్చాలి. కొట్టాన్ని క్రిమిసంహారక మందుతో కడగాలి.
* కొత్తగా కొన్న పశువును నెల రోజులు విడిగా ఉంచి, పరీక్ష చేయించాకే మందలో కలపాలి.
* రోగం ఉందని తేలిన పశువును ఇంకొకరికి అంటగట్టకూడదు. అది పక్క ఊరికి రోగాన్ని పంపినట్టే.
* పాలు పొంగేదాకా కాచి తాగాలి. పెరుగు కూడా కాచిన పాలతోనే తోడు పెట్టాలి.
* 4 నుంచి 8 నెలల వయసున్న పెయ్యదూడలకు, పడ్డదూడలకు టీకా వేయించాలి. 2019లో కేంద్రం మొదలుపెట్టిన జాతీయ పశువ్యాధి నియంత్రణ కార్యక్రమంలో ఈ టీకాను చేర్చారు. జీవితంలో ఒక్కసారి చాలు. మగదూడలకు, చూడి పశువులకు వేయకూడదు. ఇది బతికున్న క్రిములతో తయారైన టీకా కాబట్టి, మీ అంతట మీరు సూది వేయకండి.

మంచి పాడి గేదె అంటే పాలిచ్చినన్నాళ్లూ ఇంటికి రోజూ వచ్చే ఆదాయం. ఒక్క చుక్క రక్తంతో తేలే సంగతిని దిష్టి మీదకు నెట్టి మంద మొత్తాన్ని పోగొట్టుకోవద్దు. ఈసారి పశువైద్యశాలకు వెళ్లినప్పుడు ఈ పరీక్ష గురించి అడగండి.