కొండ దిగినాక వారం రోజులు

నైరుతి మబ్బుల్ని సహ్యాద్రి కొండలు అక్కడికక్కడే పిండేసుకుంటాయి. వర్షచ్ఛాయలో ఉన్న మా కడప జిల్లాకు దక్కేది తక్కువే. అందుకే వానాకాలంలో ఆ సహ్యాద్రిలోని 1343 మీటర్ల కొడచాద్రి ఎక్కి, జలగలతో కరిపించుకుని వచ్చినోళ్లకు విశ్రాంతికి మా ప్రొద్దుటూరే మేలంటాను. ఇక్కడ బూట్లన్నా ఆరతాయి!

ఒళ్లు నొప్పులు ఎక్కినందుకు కాదు, దిగినందుకు. దిగేటప్పుడు తొడ కండరాలు సాగుతూనే ఒంటి బరువును ఆపాలి. వాటిలో సన్నని చీలికలు వచ్చి, ఒకటి నుంచి మూడు రోజుల్లో నొప్పి ముదురుతుంది. అందుకని మొదటి రెండు రోజులూ నేను ఊరు దాటను. అట్లని మంచానికే అతుక్కుపోను, సాయంత్రం అగస్త్యేశ్వరస్వామి గుడి దాకా మెల్లగా నడుస్తా. బూట్లలో పాత పేపర్లు కుక్కి నీడన పెడతా, ఎండలో పెడితే బంక ఊడుతుంది. రాగిసంగటి, నాటుకోడి పులుసు వడ్డిస్తూ మా అమ్మ, "మనూర్లో కొండలు లేవా నాయనా?" అంటుంది.

ఉన్నాయి మరి. వారం మధ్యలో జమ్మలమడుగు మీదుగా గండికోటకు పోతా. బండి కోట లోపలికే పోతుంది, మోకాళ్లకు పనిలేదు. మాధవరాయ ఆలయం, ధాన్యాగారం, జుమ్మా మసీదు తీరిగ్గా చూడొచ్చు. వాన పడిన రోజు మాత్రం పెన్నా లోయ అంచు బండలెక్కొద్దు, జారతాయి.

చివర్లో పులివెందుల వైపు, పాపఘ్ని ఒడ్డున గండి వీరాంజనేయస్వామి దగ్గరికి. శ్రావణ శనివారాల్లో అక్కడ ఇసకేస్తే రాలనంత జనం. విశ్రాంతే కావాలంటే శుక్రవారమే పోండి.