ఇంజిన్ విప్పే ముందు: పాత మోటార్ సైకిల్ లోపాన్ని కనిపెట్టే పద్ధతి

హైదరాబాద్‌లో మలక్‌పేట నుంచి దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేటల మీదుగా ఎల్బీనగర్ కూడలి దాకా సాగే విజయవాడ రహదారిపై 2018 సెప్టెంబరులోనే మెట్రో రైలు నడవడం మొదలైనా, కోచింగ్ కేంద్రాలకు వచ్చే విద్యార్థులకు, హయత్‌నగర్, వనస్థలిపురం వైపు నుంచి పనులకు వెళ్లేవారికి మోటార్ సైకిల్ అవసరం తీరలేదు. వారిలో చాలామంది స్తోమతకు అందేది సెకండ్ హ్యాండ్ బండే. 1994లో వచ్చిన హీరో హోండా స్ప్లెండర్, 2001లో వచ్చిన బజాజ్ పల్సర్ వంటి బళ్ల పాత నమూనాలు ఇప్పటికీ రోడ్ల మీద తిరుగుతున్నాయి. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు అమల్లోకి వచ్చేదాకా ఈ తరగతి బళ్లలో అత్యధికం కార్బురేటర్‌తో, అంటే పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కు అందించే యాంత్రిక పరికరంతో తయారైనవే కాబట్టి, వాటి లోపాన్ని కనిపెట్టడానికి కంప్యూటర్ అక్కర్లేదు. కంటితో, చెవితో, నాలుగు పనిముట్లతో ఒక క్రమంలో వెతికితే చాలు.

ఈ రహదారిపై పాత ఇంజిన్‌కు పడే శ్రమను ముందుగా గమనించాలి. ఈ బళ్లలో ఎక్కువ భాగం గాలితో చల్లబడే ఇంజిన్లు కావడం వల్ల, బండి ముందుకు సాగితేనే సిలిండర్ రెక్కలకు గాలి తగులుతుంది. ట్రాఫిక్‌లో మొదటి, రెండో గేర్లలో నిలుస్తూ కదులుతూ పోయేటప్పుడు వేడి పెరిగి, ఆయిల్ పలచబడి, లోపలి భాగాల అరుగుదల ఎక్కువవుతుంది. అందువల్ల ఆయిల్ మట్టాన్ని, రంగును చూడటం ప్రతి పరీక్షకూ మొదటి మెట్టు.

పెట్రోల్ ఇంజిన్ నడవాలంటే సరైన సమయంలో నిప్పురవ్వ, సరైన పాళ్లలో పెట్రోలు-గాలి మిశ్రమం, ఆ మిశ్రమాన్ని గట్టిగా నొక్కిపట్టే కంప్రెషన్ అనే మూడూ ఉండాలి. స్టార్ట్ కాని బండిలో ఈ మూడింటిలో ఏది లోపించిందో తేల్చడమే రోగ నిర్ధారణ. కిక్ కొట్టి కొట్టి అలసిన తర్వాత స్పార్క్ ప్లగ్ విప్పి చూస్తే, అది పొడిగా ఉంటే పెట్రోలు అందడం లేదని, పెట్రోలుతో తడిసి ఉంటే పెట్రోలు వస్తున్నా మండటం లేదని అర్థం చేసుకోవచ్చు. విప్పిన ప్లగ్‌ను దాని క్యాప్‌లోనే ఉంచి, లోహపు భాగాన్ని ఇంజిన్‌కు ఆనించి, పెట్రోలు ఆవిరి వెలువడే ప్లగ్ రంధ్రానికి దూరంగా పెట్టి, చేత్తో తాకకుండా కిక్ కొట్టినప్పుడు నీలిరంగు రవ్వ బలంగా కనిపించాలి. రవ్వ లేకపోయినా, పసుపుగా బలహీనంగా ఉన్నా, కొత్త ప్లగ్ పెట్టి చూసి, ఆ తర్వాతే ప్లగ్ క్యాప్‌ను, కాయిల్‌ను, రవ్వ సమయాన్ని నిర్ణయించే సీడీఐ పెట్టెను అనుమానించాలి.

పెట్రోలు అందని బండిలో ట్యాంకు మూత చాలామంది దృష్టికి రాదు. ట్యాంకులోకి గాలి వెళ్లేందుకు మూతలో ఉండే సన్నని రంధ్రం దుమ్ముతో పూడుకుపోతే, బండి కొంతదూరం బాగానే నడిచి ఆగిపోతుంది. మూత తెరిచి మూయగానే మళ్లీ స్టార్ట్ అయితే లోపం అక్కడే ఉన్నట్టు. కార్బురేటర్ అడుగున ఉండే స్క్రూ వదులు చేసి, కొద్దిగా పెట్రోలును గాజు సీసాలోకి పట్టి కాసేపు కదపకుండా ఉంచితే, నీరు చేరి ఉన్నప్పుడు అది అడుగున వేరే పొరగా కనిపిస్తుంది. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం వరకు ఉండే ఇథనాల్‌కు తేమను పీల్చుకునే గుణం ఉండటం వల్లనూ, పాతకాలపు రబ్బరు భాగాలకు అది పడకపోవచ్చు కనుకనూ, వారాల తరబడి కదలని బండికి ఈ పరీక్ష తప్పనిసరి.

నడుస్తున్న ఇంజిన్ లోపాన్ని పొగ, శబ్దం చెబుతాయి. నల్లపొగ వస్తే పెట్రోలు పాలు ఎక్కువైందని, అంటే చోక్ వేసి ఉండిపోయిందనో, ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయిందనో గ్రహించాలి. నీలిపొగ వస్తే ఆయిల్ మండుతున్నట్టు. యమహా ఆర్‌ఎక్స్ 100 వంటి టూ-స్ట్రోక్ బళ్లలో మాత్రం ఆయిల్ పెట్రోలుతో పాటే మండాలి కాబట్టి కొంత పొగ సహజం. ఇంజిన్ పైభాగం నుంచి సన్నగా టిక్ టిక్ మనే చప్పుడు వాల్వులను నొక్కే ట్యాపెట్ల సందు పెరిగిందని, కింది నుంచి బరువుగా వచ్చే కొట్టుడు కనెక్టింగ్ రాడ్ బేరింగ్ అరిగిందని సూచిస్తాయి. ఈ రెండో చప్పుడు వినిపించిన బండిని ఇక నడపకూడదు. అయితే చప్పుడు లేనంత మాత్రాన ట్యాపెట్లు బాగున్నాయని అనుకోవడం పొరపాటు. సందు మరీ తగ్గితే వాల్వు పూర్తిగా మూసుకోక, చప్పుడేమీ లేకుండానే కంప్రెషన్ పడిపోతుంది. చల్లారిన ఇంజిన్‌పై ఫీలర్ గేజ్ అనే సన్నని రేకుల కొలమానంతో, తయారీదారు చెప్పిన సందును సరిచూడాలి. ఇంజిన్ వేగం పెరుగుతున్నా బండి పికప్ అందుకోకపోతే, లోపం చాలాసార్లు జారుతున్న క్లచ్ ప్లేట్లలో ఉంటుంది.

బోర్ పని, అంటే అరిగిన సిలిండర్‌ను లేత్ షాపులో లోపల చెక్కించి వెడల్పు చేయించి, పెద్ద పిస్టన్ వేయించే ఖరీదైన పని, చేయించే ముందు కంప్రెషన్‌ను గేజ్‌తో కొలిపించి తీరాలి. యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని కిక్ కొట్టి ఒత్తిడిని చూశాక, ప్లగ్ రంధ్రంలోంచి ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలిస్తే, ఒత్తిడి బాగా పెరిగిన పక్షంలో పిస్టన్ రింగులో, సిలిండరో అరిగినట్టు. పెరగకపోతే లోపం వాల్వుల వైపు ఉన్నట్టు. రింగుల సందులను ఆయిల్ తాత్కాలికంగా మూయగలదు గానీ వాల్వుల లీకును మూయలేదన్నదే ఈ పరీక్షకు ఆధారం.

నీట మునిగిన బండి సంగతి వేరు. 2020 అక్టోబరు 13, 14 తేదీల భారీ వర్షానికి సరూర్‌నగర్ చెరువు పొంగి చుట్టుపక్కల కాలనీలు మునిగినప్పటిలాంటి పరిస్థితిలో, బండిని వెంటనే స్టార్ట్ చేయబోవడం ప్రమాదకరం. గాలిలా నీరు కుదించుకుపోదు కాబట్టి సిలిండర్‌లో నీరుంటే కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు. ముందు ప్లగ్ తీసి నీటిని వెళ్లగొట్టాలి. ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులోకి మారి ఉంటే దాన్ని పూర్తిగా మార్చాలి.

సొంత వాహనానికి తొలి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లి, ఆ తర్వాత ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి గనుక, అప్పటికి ఇంజిన్ ఏ స్థితిలో ఉందో యజమానికి తెలిసి ఉండటం మేలు. బోర్ పని చేయాలని మెకానిక్ చెప్పినప్పుడు, ప్లగ్ తడిగా ఉందా పొడిగా ఉందా, రవ్వ ఎలా ఉంది, ట్యాపెట్ సందు ఎంత, కంప్రెషన్ ఎంత అనే నాలుగు ప్రశ్నలు మర్యాదగా అడగడం, మార్చిన పాత భాగాలను చూపించమని కోరడం ప్రతి యజమాని హక్కు. ఈ నాలుగింటికీ సమాధానం దొరకనిదే ఇంజిన్ విప్పనివ్వకండి.