పాత తెలుగు ఫైళ్లు తెరవడానికి వర్చువల్ మెషీన్: ఇన్‌స్టాలేషన్ ఆగిపోతే ఏం చూడాలి?

ఒకప్పుడు తెలుగు డీటీపీ అంటే పేజ్‌మేకర్, అను ఫాంట్లే. గనుల పనికి వచ్చి దుర్గాపూర్‌లో స్థిరపడిన మన కుటుంబాల సభ్యుల జాబితాలు, ఉగాది సావనీర్లు చాలామటుకు అలా టైపు చేసినవే. ఎవరి పెద్దలు ఏ ఊరి నుంచి వచ్చారో ఈ కాగితాల్లోనే ఉంది. వాటి ఫైళ్లు ఇప్పటి కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగుకు బదులు పిచ్చి గీతలు కనిపిస్తున్నాయి.

కారణం ఇది. అను ఫాంట్లు యూనికోడ్ కావు. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు రూపాలు పెట్టి తయారు చేసినవి. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. అందుకే విండోస్ ఎక్స్‌పీలో ఫైలు తెరవడం మేలు. పాత కంప్యూటర్ పాడైపోయినా, కొత్తదాని లోపలే ఎక్స్‌పీ నడిపించవచ్చు. దీన్నే వర్చువల్ మెషీన్ అంటారు. ఒరాకిల్ వారి వర్చువల్‌బాక్స్ ఇందుకు ఉచితంగా దొరుకుతుంది. ఎక్స్‌పీకి ఒరిజినల్ సీడీ, దాని కీ కావాలి.

ముందుగా పాత ఫైళ్లన్నీ రెండు పెన్‌డ్రైవ్‌లలో కాపీ చేసుకోండి. తర్వాతే మిగతా పని. ఇన్‌స్టాలేషన్‌లో సాధారణంగా వచ్చే ఇబ్బందులు ఇవి:

1. వీటీ-ఎక్స్ లేదని మెసేజ్ వస్తే: కంప్యూటర్ ఆన్ అవుతుండగా ఎఫ్2 లేదా డిలీట్ నొక్కి (కంపెనీని బట్టి మారుతుంది) బయోస్‌లోకి వెళ్లండి. ఇంటెల్ అయితే వర్చువలైజేషన్ టెక్నాలజీ, ఏఎండీ అయితే ఎస్‌వీఎం అనే ఆప్షన్‌ను ఎనేబుల్ చేయండి.

2. మెషీన్ మరీ నెమ్మదిగా నడిచి, కింద తాబేలు బొమ్మ కనిపిస్తే: విండోస్‌లోని హైపర్-వి అడ్డుపడుతోందని అర్థం. విండోస్ ఫీచర్స్‌లో దాని టిక్ తీసి రీస్టార్ట్ చేయండి.

3. "నో బూటబుల్ మీడియం ఫౌండ్" అంటే: సీడీ లేదా ఐఎస్ఓ ఫైలు మెషీన్‌కు తగిలించలేదు. సెట్టింగ్స్‌లో స్టోరేజ్ చూడండి.

4. నీలి తెర వచ్చి చివర 7బి అని ఉంటే: ఎక్స్‌పీకి సాటా డిస్క్ తెలియదు. స్టోరేజ్‌లో డిస్క్‌ను ఐడీఈ కింద పెట్టండి. మెషీన్ తయారుచేసేటప్పుడే విండోస్ ఎక్స్‌పీ అని ఎంచుకుంటే ఈ చిక్కు రాదు.

5. సగం అయ్యాక మళ్లీ మొదటికి వస్తుంటే: రీస్టార్ట్ అయినప్పుడు "ప్రెస్ ఎనీ కీ" అని అడుగుతుంది. రెండోసారి ఏ కీ నొక్కవద్దు, దానంతట అదే ముందుకు సాగుతుంది.

6. డీటీపీ సాఫ్ట్‌వేర్‌కు యూఎస్‌బీ లాకు ఉంటే: డివైసెస్ మెనూలో యూఎస్‌బీ కింద ఆ లాకును టిక్ చేయాలి.

ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2014 ఏప్రిల్ 8తో ఆగిపోయింది. కాబట్టి వర్చువల్ మెషీన్‌కు నెట్ కనెక్షన్ ఇవ్వకండి. అంతా సరిగా నడిచాక ఒక స్నాప్‌షాట్ తీసి పెట్టుకుంటే, పాడైనా ఆ స్థితికి తిరిగి వెళ్లవచ్చు.

ఫైలు తెరుచుకోవడంతో పని పూర్తయినట్టు కాదు. దాన్ని పీడీఎఫ్‌గా భద్రపరచి, పాఠాన్ని కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి, పాతదానితో సరిచూడాలి. ముఖ్యంగా ఒత్తులు, పేర్లు, తేదీలు తప్పిపోయే అవకాశం ఉంది. యూనికోడ్‌లోకి వచ్చాక మన పిల్లలు ఫోన్‌లోనే పేరు వెతికి చదువుకోవచ్చు.

పాత సీడీలు, ఫ్లాపీలు ఇంట్లో ఉన్నవారు చిత్తుకాగితాలవాడికి వేయకుండా సంఘానికి తెలియజేయగలరు.