మేత తగ్గించి మళ్లీ పెడితే పంది పెరుగుదల అందుకుంటుందా?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు పందులు పెంచేవాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే: "దాణా రేటు మండిపోతా ఉంది. నెల దినాలు తగ్గించి, అమ్మే ముందు దండిగా పెడితే బరువొచ్చేస్తుంది కదన్నా?"

బరువు వస్తుంది. ఏం బరువు అన్నదే అసలు సంగతి.

మేత తగ్గితే పందిలో ముందుగా చిక్కేవి పేగులు, కాలేయం. తిన్నదాంట్లో చాలా భాగం ఖర్చు చేసేవి అవే. అవి చిక్కితే పంది ఒంటి ఖర్చు తగ్గుతుంది. అందుకే మళ్లీ కడుపునిండా పెట్టగానే కొన్నాళ్లు అదే దాణాకు ఎక్కువ బరువు పెరుగుతుంది. ఆ బరువులో పేగుల వాటా, కడుపులోని మేత, నీళ్ల వాటా కూడా ఉంటాయి.

1940 ప్రాంతంలో కేంబ్రిడ్జిలో మెక్‌మీకన్ అనే శాస్త్రవేత్త పందుల్ని రకరకాలుగా మేపి, అన్నిటినీ 200 పౌండ్లకు, అంటే దాదాపు 90 కిలోలకు తెచ్చి కోసి చూశారు. చిన్నప్పుడు పస్తుంచి తర్వాత దండిగా మేపినవాటిలో కొవ్వు అన్నిటికంటే ఎక్కువ. చిన్నప్పుడు బాగా మేపి చివర్లో తగ్గించినవాటిలో కొవ్వు తక్కువ, కండ ఎక్కువ. తూకం మాత్రం ఒకటే!

కాబట్టి పాలు మాన్పించిన పిల్లల దగ్గర పొదుపు వద్దే వద్దు. తగ్గించాలంటే 50, 60 కిలోలు దాటాక తగ్గించండి. అప్పుడు కూడా మొక్కజొన్న, నూకలు తగ్గించాలి గానీ చెక్క తగ్గించకూడదు. (సూడి పంది లెక్క వేరు. దానికి కొలిచి పెట్టి, ఈనాక కడుపునిండా పెట్టాలి.)

మదనపల్లె మార్కెట్లో ధర పడిపోతే టమాటాలు తెచ్చి పోస్తుంటారు. టమాటాలో నూటికి 94 పాళ్లు నీళ్లే. కడుపు నిండినట్టుంటుంది గానీ నా దృష్టిలో అదీ పస్తే. మన ప్రాంతంలో పట్టు రైతులున్నారు, మల్బరీ ఆకు దొరుకుతుంది. ఎండిన ఆకులో మాంసకృత్తులు 15 శాతం పైనే. అయితే పురుగుల మీద సున్నం, మందు పొడి చల్లాక మిగిలిన ఆకు వేయొద్దు. శెనక్కాయ చెక్కకు బూజు పడితే అదీ వద్దు.

మేత మళ్లీ పెంచేటప్పుడు ఒక్కసారిగా కాకుండా వారం రోజుల్లో కొంచెం కొంచెంగా పెంచండి. నీళ్లు ఎప్పుడూ ఉండాలి.

కాటా లేనివాళ్లు టేపు పట్టండి. ముందు కాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత, చెవుల మధ్య నుంచి తోక మొదలు దాకా పొడవు, రెండూ మీటర్లలో తీసుకోండి. చుట్టుకొలతను చుట్టుకొలతతో, తర్వాత పొడవుతో, తర్వాత 69.3తో హెచ్చిస్తే దాదాపు కిలోల్లో బరువు వస్తుంది. టేపు ఎక్కడ పట్టాలో వీడియోలో చూపించాను.