జంట విడిపోయినా తెగని ఇంటి లోను

ఇంగ్లండ్, వేల్స్‌లలో ఇద్దరు కలిసి ఇంటి లోను తీసుకుంటే, మొత్తం అప్పుకు ఇద్దరిలో ప్రతి ఒక్కరూ పూర్తిగా బాధ్యులే. ‘నా సగం నేను కట్టేశాను, మిగతాది అవతలి మనిషిని అడగండి’ అంటే బ్యాంకు ఒప్పుకోదు. ఒకరు ఇల్లు వదిలి వెళ్లి వేరే ఊళ్లో అద్దెకుంటున్నా, ఒప్పందంలో పేరున్నంతకాలం బాకీదారే. ఒక నెల వాయిదా తప్పినా ఇద్దరి క్రెడిట్ రికార్డూ దెబ్బతింటుంది.

భార్యాభర్తలకైనా ఈ నియమం ఇంతే. తేడా వచ్చేది విడిపోయేటప్పుడు. విడాకుల కేసులో జడ్జికి 1973 నాటి మాట్రిమోనియల్ కాజెస్ చట్టం పెద్ద అధికారమే ఇచ్చింది. ఇల్లు ఎవరి పేర ఉన్నా సరే, ఇద్దరి అవసరాలూ పిల్లల పరిస్థితీ చూసి ఆస్తిని కొత్తగా పంచవచ్చు. పెళ్లి కాని జంటకు ఆ చట్టం వర్తించదు. ఇరవై ఏళ్లు ఒకే కప్పు కింద బతికినా వాళ్లు చట్టం దృష్టిలో కలిసి ఆస్తి కొన్న ఇద్దరు మనుషులే. ఈ సంగతి అక్కడివాళ్లలోనే చాలామందికి తెలియదు. కొన్నేళ్లు కలిసి ఉంటే పెళ్లయినట్టే లెక్క అని ఇంగ్లండ్, వేల్స్‌లలో 46 శాతం మంది నమ్ముతున్నట్టు 2019 జనవరిలో వెలువడిన బ్రిటిష్ సోషల్ యాటిట్యూడ్స్ సర్వే తేల్చింది. స్కాట్లాండ్‌లో 2006 చట్టం సహజీవనం చేసినవారికి కొన్ని పరిమిత హక్కులు ఇచ్చింది. ఇంగ్లండ్‌లోనూ చట్టం మార్చాలని లా కమిషన్ 2007లోనే సిఫారసు చేసినా అది అమలు కాలేదు. ఆ జాప్యానికి మూల్యం చెల్లిస్తున్నది ఎక్కువగా పిల్లల కోసం ఉద్యోగం మానుకున్న ఆడవాళ్లే.

అక్కడ స్థిరపడిన తెలుగువాళ్లు ప్రత్యేకంగా గమనించాల్సిన విషయం ఒకటుంది. ఇండియాలో చట్టప్రకారం జరిగిన హిందూ వివాహాన్ని ఇంగ్లండ్ గుర్తిస్తుంది. కానీ లండన్‌లోనో బర్మింగ్‌హామ్‌లోనో ఒక హాలు తీసుకుని, పురోహితుణ్ణి పిలిచి, జీలకర్ర బెల్లం పెట్టి, తాళి కట్టి, ఆ తర్వాత రిజిస్టర్ ఆఫీసుకు వెళ్లకపోతే ఆ పెళ్లి అక్కడి చట్టం ముందు నిలవదు. వివాహాల నమోదుకు అనుమతి పొందిన గుడిలో, అధికారమున్న వ్యక్తి సమక్షంలో జరిగితేనే చెల్లుతుంది. రెండు వైపులా బంధువులంతా అక్షింతలు వేసిన జంట కూడా, విడిపోయే రోజున పెళ్లికాని జంటల లెక్కలోకి వచ్చే ప్రమాదం ఉంది.

అప్పు ఒక ఎత్తు, ఇంటి మీద హక్కు ఇంకో ఎత్తు. ఇద్దరి పేరా ఉన్న ఇంటికి హక్కు రెండు రకాలుగా ఉంటుంది. జాయింట్ టెనెన్సీ అయితే విడివిడి వాటాలుండవు, ఒకరు చనిపోతే ఇల్లంతా రెండోవారిదే. వీలునామాలో అమ్మ పేరో అన్న పేరో రాసినా పనికిరాదు. టెనెన్సీ ఇన్ కామన్ అయితే ఎవరి వాటా వారిది, దాన్ని ఎవరికైనా రాసివ్వవచ్చు. అందుకే విడిపోయినవారు ముందు చేయాల్సిన పనుల్లో జాయింట్ టెనెన్సీని తెంచుకోవడం ఒకటి. 1925 నాటి ఆస్తి చట్టం ప్రకారం రెండోవారికి రాతపూర్వకంగా నోటీసు ఇస్తే చాలు, వారి ఒప్పుదల అక్కర్లేదు. తర్వాత ఎస్‌ఈవీ అనే ఫారం నింపి ల్యాండ్ రిజిస్ట్రీకి పంపాలి, దానికి ఫీజు లేదు. ఇంత తేలికైన పనిని కోపతాపాల మధ్య మరిచిపోయేవారు ఉంటారు. ఈలోగా ఎవరైనా చనిపోతే, ఎన్నడో విడిపోయిన మనిషికే ఇల్లంతా దక్కుతుంది.

ఇక ఎవరి వాటా ఎంత? ఇల్లు కొన్నప్పుడు టీఆర్1 ఫారంలో గానీ, సొలిసిటర్ రాసిన ట్రస్ట్ పత్రంలో గానీ వాటాలు రాసి ఉంటే, మోసమో పొరపాటో జరిగిందని రుజువైతే తప్ప, అదే ఖాయం. ఏమీ రాసి లేకపోతే చెరి సగం అన్న ఊహతో కోర్టు మొదలుపెడుతుంది. కాదనేవారే రుజువు చూపాలి. 2007లో హౌస్ ఆఫ్ లార్డ్స్ తీర్పు చెప్పిన స్టాక్ వర్సెస్ డౌడెన్ కేసులో అలా రుజువు చూపిన మహిళకు 65 శాతం వచ్చింది.

సుప్రీంకోర్టు దాకా వెళ్లిన జోన్స్ వర్సెస్ కెర్నాట్ కేసు ఇంకా బాగా కళ్లు తెరిపిస్తుంది. ఎసెక్స్‌లో 1985లో ఒక జంట 30,000 పౌండ్లకు ఇద్దరి పేరా ఇల్లు కొన్నారు. అందులో 6,000 పౌండ్ల డిపాజిట్ ఆమె పెట్టింది. 1993లో అతను ఇల్లు వదిలి వెళ్లాడు, తర్వాత తనకంటూ మరో ఇల్లు కొనుక్కున్నాడు. ఆమె పిల్లలతో అక్కడే ఉండి, పద్నాలుగేళ్లకు పైగా లోను వాయిదాలూ మరమ్మతులూ ఒక్కతే భరించింది. ఆ తర్వాత అతను తన వాటా అడిగాడు. మొదటి కోర్టు ఆమెకు 90, అతనికి 10 శాతం అంది. అప్పీల్ కోర్టు చెరి సగం అంది. 2011 నవంబరులో సుప్రీంకోర్టు మళ్లీ 90కి 10 దగ్గరే నిలబెట్టింది. తీర్పు ఆమె పక్షానే వచ్చినా, ఆ న్యాయం కోసం ఆమె సుప్రీంకోర్టు దాకా కోర్టుల మెట్లెక్కాల్సి వచ్చింది. విడిపోయిన నెలలోనే ఒక కాగితం రాసుకుని ఉంటే ఆ అవసరం ఉండేది కాదు.

విడిపోయాక ఇంటిని ఏం చేయాలన్నదానికి సులువైన దారి అమ్మేయడం. వచ్చిన డబ్బులో ముందు బ్యాంకు బాకీ, ఏజెంటు, సొలిసిటర్ ఖర్చులు పోగా మిగిలింది పంచుకుంటారు. ఫిక్స్‌డ్ వడ్డీ గడువు మధ్యలో ఉంటే ముందస్తు చెల్లింపు జరిమానా పడవచ్చు, కనుక ఆ గడువు ఎప్పుడు తీరుతుందో ముందే చూసుకోవాలి.

ఒకరు రెండోవారి వాటా కొనుక్కునే దారిలో లెక్క జాగ్రత్తగా చూడాలి. ఇంటి విలువ 3,20,000 పౌండ్లు, లోను 2,40,000 పౌండ్లు మిగిలి ఉందనుకుంటే, అప్పు పోగా మిగిలేది 80,000. చెరి సగమైతే ఇల్లు ఉంచుకునేవారు 40,000 ఇవ్వాలి, అవతలివారి సగం అప్పు 1,20,000 కూడా తలకెత్తుకోవాలి. స్టాంప్ డ్యూటీ ఈ రెండూ కలిపిన 1,60,000 మీద లెక్కిస్తారు. ఇంగ్లండ్‌లో 2025 ఏప్రిల్ నుంచి ఉన్న రేట్ల ప్రకారం 1,25,000 దాటిన 35,000 మీద 2 శాతం, అంటే 700 పౌండ్లు. విడాకుల ఒప్పందంలో భాగమైతే ఈ పన్ను ఉండదు, పెళ్లికాని జంటకు ఆ మినహాయింపు లేదు. అసలు చిక్కు బ్యాంకు దగ్గర వస్తుంది. ఒంటరిగా 2,40,000 లోను మోయగలరా అని జీతం మొదటినుంచీ మళ్లీ చూస్తారు. ఆదాయానికి నాలుగున్నర రెట్లు ఇచ్చే బ్యాంకైతే ఏడాదికి దాదాపు 53,000 పౌండ్ల జీతం కావాలి.

వెళ్లిపోయేవారు మరిచిపోకూడనిది ఇది. ‘ఇక నుంచి లోను నేనే కట్టుకుంటాను’ అని ఇద్దరి మధ్య రాసుకున్న కాగితం బ్యాంకును కట్టిపడేయదు. లోను నుంచి పేరు తీసేసినట్టు బ్యాంకు రాతపూర్వకంగా ఒప్పుకునేదాకా హక్కు వదులుకోకూడదు. పాత ఇంట్లో వాటా ఉండగానే ఇంకో ఇల్లు కొంటే స్టాంప్ డ్యూటీ మీద అదనంగా 5 శాతం పడవచ్చు. ఇల్లు వదిలి చాలాకాలమయ్యాక అమ్మితే లాభం మీద పన్ను ప్రశ్న కూడా వస్తుంది. సొంత నివాసానికి ఇచ్చే మినహాయింపు, వెళ్లిపోయినవారికి మామూలుగా చివరి 9 నెలలకే వర్తిస్తుంది.

ఒకరు అమ్ముదామని, రెండోవారు వద్దని పట్టుబడితే 1996 నాటి ట్రస్ట్స్ ఆఫ్ ల్యాండ్ చట్టం కింద కోర్టుకు వెళ్లవచ్చు. జడ్జి అమ్మకానికి ఆదేశించవచ్చు, వాటాలు తేల్చవచ్చు. జాలిపడి ఒకరి వాటా ఇంకొకరికి ఇచ్చే అధికారం మాత్రం లేదు. చిన్నపిల్లలుంటే 1989 చిల్డ్రన్ యాక్ట్ కింద, వాళ్లు పెద్దయ్యేదాకా ఇంటిని వాళ్ల కోసం ఉంచమని అడగవచ్చు. ఇంట్లో హింస ఉంటే 1996 ఫ్యామిలీ లా చట్టం కింద హింసించేవారిని బయటికి పంపే ఆదేశం తెచ్చుకోవచ్చు. ఆదేశమేదీ లేకుండా, ఇంట్లో హక్కున్న మనిషిని తాళాలు మార్చి బయటికి నెట్టడం మాత్రం కుదరదు.

ఇవన్నీ తేలేలోగా వాయిదా ఆగకూడదు. డైరెక్ట్ డెబిట్ రద్దు చేసేముందే బ్యాంకుకు విషయం చెప్పాలి. కష్టంలో ఉన్నవారి మాట విని, కొంతకాలం వాయిదా తగ్గించడం వంటి మార్గాలు చూడటం బ్యాంకుల బాధ్యత, ఇల్లు స్వాధీనం చేసుకోవడం చివరి మార్గమే కావాలి. ఎవరు ఏ నెల ఎంత కట్టారో ఆధారాలతో రాసిపెట్టుకుంటే చివరి పంపకంలో ఆ లెక్క అడగవచ్చు. జాయింట్ ఖాతా ఉంటే, ఇద్దరూ సంతకం పెడితేనే డబ్బు కదిలేలా మార్పించుకోవడం మేలు.

లోను తీరి, ఉమ్మడి ఖాతాలన్నీ మూసేశాక ఒక పని మిగులుతుంది. క్రెడిట్ రికార్డుల్లో ఇద్దరి పేర్లూ ఇంకా ముడిపడే ఉంటాయి. ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, ట్రాన్స్‌యూనియన్ సంస్థలు మూడింటికీ విడివిడిగా దరఖాస్తు చేసుకుని ఆ ముడి తీయించుకోవాలి.